జాబితాలో లేని ఓరుగల్లు

2021 జూన్‌లో వరంగల్ సెంట్రల్ జైలును కూల్చివేశారు. 1886 నాటి ఆ ప్రాంగణంలో బహుళ అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి అదే నెల 21న శంకుస్థాపన జరిగింది. ఆ తరువాత ఐదు వారాలు తిరగకముందే, జూలై 25న, పాలంపేటలోని రామప్ప ఆలయానికి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చోటు దక్కింది. ఉత్తర తెలంగాణ రోగులకు వరంగల్‌లో పెద్దాసుపత్రి కావాలన్న విషయంలో నాకు భిన్నాభిప్రాయం లేదు. అయితే నూటముప్పై అయిదేళ్ల కట్టడంలో నిలుపుకోదగిన భాగం ఏదైనా ఉందా, కనీసం కొలతలతో కూడిన నక్షాలు, ఫొటోలు భద్రపరిచిన తరువాతే గోడల మీద చేయి వేయవచ్చునా అన్న చర్చ ఊళ్లో దాదాపుగా వినిపించలేదు. రామప్ప వార్త వచ్చిన రోజున మాత్రం ఊరంతా పండుగ చేసుకుంది. ఆ పండుగలో నేనూ ఉన్నాను.

నగరంలోని పాత కట్టడాల సంరక్షణ కోసం పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద బృందంలో కొన్నేళ్లుగా సభ్యుణ్ని. విశ్రాంత ఉపాధ్యాయులు, ఇద్దరు ముగ్గురు ఇంజినీర్లు, ఒక న్యాయవాది, సెలవు రోజుల్లో వచ్చే ఆర్కిటెక్చర్ విద్యార్థులు కలిసిన బృందమిది. కూల్చివేత మొదలైనప్పుడు ప్లకార్డులు పట్టుకుని గేటు ముందు నిలబడటమే మా పని అని చాలామంది అనుకుంటారు. ప్రొక్లెయినర్ వచ్చి నిలిచిన తరువాత గేటు దగ్గర చేయగలిగింది ఎంతో లేదు. కట్టడం ఇంకా నిలబడి ఉన్నప్పుడే, దాని మీద ఎవరి కన్నూ పడకముందే, దాని పేరును కాగితం మీదికి ఎక్కించడమే ఇటువంటి బృందాలు చేయగలిగిన అసలైన పని అని నా అభిప్రాయం. మిగిలినదంతా దాని తరువాతే.

రామప్ప సంగతే తీసుకోండి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో వేయించిన శాసనం ఆ ఆలయ ప్రాంగణంలోనే ఉంది. నిజాం రాజ్యపు పురావస్తు శాఖ 1914లో ఏర్పడినప్పుడు దాని మొదటి సంచాలకుడైన గులాం యజ్దానీ, పాలంపేట ఆలయాల మీద రాసిన గ్రంథం 1922లో వెలువడింది. తరువాత ఆలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోకి వచ్చింది. యునెస్కో ప్రయత్నం మొదలైనప్పుడు వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప మూడింటినీ కలిపి ప్రతిపాదించారు. చివరకు రామప్ప ఒక్కటే ముందుకు వెళ్లింది. ఆ ప్రయత్నం వెనుక ప్రభుత్వ శాఖలతోపాటు కాకతీయ హెరిటేజ్ ట్రస్టు వంటి స్వచ్ఛంద సంస్థ పట్టుదలగా నిలిచిన సంగతి ఇక్కడివారికి తెలిసిందే. అంటే ఆ ఆలయం గురించి ఒక తరం రాసిపెట్టిన కాగితాల మీద మరొక తరం కాగితాలు చేర్చుకుంటూ వచ్చింది. జైలు విషయంలో అటువంటి కాగితం ఏదీ కూల్చివేతకు అడ్డుగా నిలవలేదు.

మా ఊళ్లో వారసత్వం అనగానే మనసులో మెదిలేది కాకతీయ తోరణం. రాష్ట్ర చిహ్నంలోనూ, బస్టాండు ముందు కమానుల్లోనూ, పెళ్లిపత్రికల మీద కూడా అదే. ఆ గౌరవం దానికి తగినదే. కానీ ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనల చేతికి చిక్కిన తరువాత ఈ నేల మీద ఎవరూ ఏమీ కట్టలేదన్నట్టుగా మన ఊహ అక్కడే ఆగిపోతుంది. కోటలోపల ఆ తోరణాలకు కూతవేటు దూరంలోనే ఉన్న, కాకతీయుల తరువాతి కాలపు ఖుష్ మహల్, వాలుగోడలతో, పెద్ద పెద్ద కమానులతో, ఆ ఊహ తప్పని చెబుతూ నిలిచే ఉంది. నిజాం పాలనలో సుబా అధికారి అయిన సుబేదార్ కార్యస్థానంగా ఎదిగిన సుబేదారి, 1880లలో రైలు వచ్చాక పెరిగిన బజార్లు, కాజీపేట రైల్వే క్వార్టర్లు, 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం, 1934లో మొదలై 2002లో మూతపడిన ఆజంజాహీ మిల్లు, గిర్మాజిపేట, మట్టెవాడల్లో చెక్క స్తంభాల వరండాలతో ఉన్న వ్యాపారుల ఇళ్లు, ఇవన్నీ ఈ నగరం నిజంగా నగరంగా మారిన కాలానికి చెందినవి. ఆజంజాహీ మిల్లు ఈ ప్రాంతంలో కొన్ని తరాల కుటుంబాలకు నెల జీతం అన్నదాన్ని పరిచయం చేసింది. ఇప్పుడు ఆ మైదానానికి వెళ్లి మిల్లు ఎక్కడుండేదో చూపమంటే ఆనాటి కార్మికులే కాసేపు తడుముకోవలసి వస్తుంది.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెబుతాను. 1958 నాటి కేంద్ర చట్టం కింద దేశమంతటా దాదాపు 3,700 కట్టడాలు, స్థలాలు రక్షణలో ఉన్నాయి. రాష్ట్రం 2017లో తన సొంత వారసత్వ చట్టాన్ని చేసుకుంది. ఈ రెండు జాబితాల్లోనూ లేనివి, అంటే మన చుట్టూ ఉన్న పాత కట్టడాల్లో అత్యధిక భాగం, చట్టం దృష్టిలో మామూలు ఇళ్లే. 1984లో ఏర్పడిన ఇంటాక్ అనే జాతీయ స్వచ్ఛంద సంస్థ సరిగ్గా ఈ లోటును ఉద్దేశించే 2004లో రక్షణ లేని కట్టడాల సంరక్షణకు ఒక నియమావళిని ప్రకటించింది. స్థానిక మేస్త్రీల సంప్రదాయ పరిజ్ఞానాన్ని కూడా కాపాడవలసిన వారసత్వంగానే ఆ నియమావళి గుర్తించడం నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం.

ఇటువంటి రక్షణ లేని కట్టడాలకు మా బృందం చేసే జాబితా తయారీ బయటినుంచి చూసినంత తేలిక కాదు. ఒక్కొక్క కట్టడానికి ఒక పత్రం ఉంటుంది. వీధి, ఇంటి నంబరు, యజమాని అనుమతి, గోడలు రాతివా ఇటుకవా మట్టివా, పైకప్పు గూనపెంకా బంగ్లా పెంకా గచ్చు మిద్దెనా, ఏ భాగాన్ని ఎప్పుడు మార్చారు, ఎక్కడ బీటలున్నాయి, ఎక్కడ నీరు దిగుతోంది, ఇవన్నీ అందులో రాయాలి. తరువాత టేపు పట్టి గది గదినీ కొలిచి నక్షా గీయాలి. మూలమట్టం సరిగా లేని పాత గదుల్లో ఎదురెదురు గోడల కొలతలు కలవవు కాబట్టి మూల నుంచి మూలకు ఐమూలగా కూడా కొలుస్తారు. చివరన ప్రాధాన్యాన్ని బట్టి ఆ కట్టడానికి ఒక శ్రేణి ఇవ్వాలి. మా సమావేశాల్లో వాదనలు రాజుకునేది ఎప్పుడూ ఈ శ్రేణి దగ్గరే.

వయసు తేల్చడం మరీ కష్టం. గుడికి శాసనం ఉంటుంది గాని కిరాణా కొట్టుకు శాసనం ఎక్కడిది? అందుకే చిన్న చిన్న ఆధారాల మీద పడతాం. బంగ్లా పెంకును తిరగేస్తే వెనుక వైపు తయారీదారు ముద్ర కనిపిస్తుంది. మంగళూరులో బాసెల్ మిషన్ వారి పెంకుల కర్మాగారం 1865లో మొదలైంది కనుక ఆ కర్మాగారపు ముద్ర ఉన్న కప్పు అంతకు ముందుది కాజాలదు. అయితే పెంకులు తరువాత మార్చి ఉండవచ్చు కాబట్టి గోడ వయసును అది చెప్పదు. ఇనుప దూలాల మీద డోర్మన్ లాంగ్ వంటి బ్రిటిష్ కంపెనీల పేర్లు ఉబ్బెత్తు అక్షరాల్లో కనిపిస్తే అది మరొక ఆధారం. అన్నిటికన్నా నమ్మదగినవి ఇంటి కాగితాలు. నిజాం కాలపు దస్తావేజులు ఉర్దూలో ఉంటాయి, తేదీలు ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరపు లెక్కలో ఉంటాయి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంచుమించుగా క్రీస్తు శకం వస్తుంది. ఈ లెక్క సులభమే గాని, ఆ గొలుసుకట్టు ఉర్దూ రాతను చదవగలిగినవారు మా బృందానికి పరిచయమున్న మేరకు వేళ్ల మీద లెక్కించదగినంతమందే, అందరూ డెబ్బై దాటినవారే. కట్టడాల కన్నా ముందు ఈ చదవగలిగే శక్తి కనుమరుగవుతుందేమోనన్న భయం నాకు ఎక్కువ.

ఇక యజమానుల భయాలు వేరు. మట్టెవాడలో ఒక ఇంటి అరుగు మీద టేపు పరిచిన వెంటనే ఆ ఇంటి పెద్దావిడ, “మీరిట్ల రాసుకపోతే రేపు సర్కారోళ్లు వచ్చి మా ఇల్లు గుంజుకుంటరా బిడ్డా?” అని అడిగారు. మాతో ఉన్న విశ్రాంత ఉపాధ్యాయుడు, “లేదమ్మా, ఇల్లు నీదే, కాయిదం ఒక్కటే మాది” అని చెప్పి, పత్రం మొత్తం చదివి వినిపించాక గాని ఆమె లోపలికి రానివ్వలేదు. ఆ అనుమానాన్ని అజ్ఞానం అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. వరంగల్ కోటలో నివసించేవారిని అడిగితే తెలుస్తుంది. రాతికోట లోపలా, మట్టికోట లోపలా ఊళ్లే ఉన్నాయి. తరతరాలుగా అక్కడే వ్యవసాయం, అక్కడే కాపురం. 2010లో కేంద్ర చట్టానికి వచ్చిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిబంధన వెనుక ఉద్దేశం మంచిదే. కానీ కొడుకు పెళ్లికి ఒక గది వేసుకోవాలన్నా అనుమతుల చుట్టూ తిరగవలసిన కుటుంబానికి తోరణం గర్వకారణంగా కాక ఇంటిముందు కూర్చున్న అప్పులవాడిలా కనిపిస్తే ఆశ్చర్యం ఏముంది? అక్కడివారి దరఖాస్తులు నింపిపెట్టడం, మరమ్మతుకూ కొత్త నిర్మాణానికీ చట్టంలో ఉన్న తేడాను వివరించడం కూడా సంరక్షణ సంస్థల పనిలో భాగమేనని నేను వాదిస్తాను. మా బృందంలో అందరూ దీనితో ఏకీభవించరు.

మరమ్మతు గురించి కొంత వివరంగా రాయాలి, ఎందుకంటే నిర్లక్ష్యం వల్ల ఎంత నష్టం జరుగుతోందో, తెలియక చేసే మరమ్మతు వల్ల కూడా దాదాపు అంతే నష్టం జరుగుతోంది. పాత గోడలు డంగు సున్నంతో కట్టినవి. కాల్చిన సున్నపురాయిని గుంటలో నీళ్లు పోసి చల్లార్చి, కొంతకాలం మాగనిచ్చి, ఇసుకతోనూ ఇటుక పొడితోనూ కలిపి గానుగలో నూరేవారు. పైపూతకు కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపేవారు. అటువంటి గోడ నేలలోని తేమను పీల్చుకుంటుంది, ఎండకు దానిని వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే తేమ బయటికి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఆ తేమతోపాటు పైకి వచ్చిన లవణాలు పూత వెనుక గడ్డకట్టి ఇటుకను లోపలినుంచి పొడి చేస్తాయి. బయటికి గోడ నున్నగానే కనిపిస్తుంది. అయిదారేళ్లకు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. అప్పుడు యజమాని “పాత ఇల్లు కదా, ఇంకేం ఆగుతుంది” అని నిర్ణయానికి వస్తాడు. గోడను చంపింది పాతదనం కాదన్న సంగతి ఆయనకు చెప్పేవారుండరు.

రావి మొక్కలదీ ఇదే కథ. గోడ సందులో మొలిచిన రావిని ప్రతి ఏడూ పైపైన నరికేస్తే కొమ్మ పోతుంది గాని వేరు లావెక్కుతుంది. వేరును రాళ్ల మధ్యనుంచి ఓపికగా తీసి, ఆ సందును మళ్లీ సున్నంతో నింపాలి. ఈ పని తెలిసిన మేస్త్రీలు జిల్లాలో ఇంకా కొందరు ఉన్నారు, కానీ వారికి ఏడాది పొడవునా పని దొరకదు. ఒక గుడి గోడకో, ఒక దర్గా కమానుకో పిలిచినప్పుడు వస్తారు, మిగిలిన రోజుల్లో అపార్టుమెంట్లకు సిమెంటు పూస్తారు. వారి కొడుకులు సున్నం ముట్టరు, ముట్టమని అడిగే హక్కు కూడా మనకు లేదు, కూలి గిట్టుబాటయ్యే పనిని చూపించనంతవరకు.

కొలతలూ గుర్తులూ ఎంత ముఖ్యమో వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం కళ్లకు కట్టినట్టు చూపించింది. రుద్రదేవుడు 1163లో నిర్మింపజేసిన, మూడు గర్భగుడులున్న త్రికూటాలయానికి ఎదురుగా ఉన్న ఆ మండపం కుంగి, ఒరగడంతో కేంద్ర పురావస్తు శాఖ 2006 ప్రాంతంలో దాన్ని రాయి రాయిగా విప్పింది. కాకతీయులు పునాదిలో ఇసుక నింపి దాని మీద బరువును నిలిపే పద్ధతిని అనుసరించినవారు. తిరిగి నిలబెట్టడమంటే ఆ ఇసుక పునాదిని అర్థం చేసుకోవడం, అంకెలు వేసిన స్తంభాలనూ దూలాలనూ వాటి వాటి చోట్లకే చేర్చడం, పనికిరానివాటి స్థానంలో కొత్తవి చెక్కించడం. 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు, అది తిరిగి తెరుచుకుంది. మధ్యలో ఒక తరం పిల్లలు ఆ మండపాన్ని చూడకుండానే పెద్దవాళ్లయ్యారు. ఆలస్యాన్ని విమర్శించడానికి నాకూ మాటలున్నాయి. అయినా రాళ్ల మీద అంకెలు వేసి ఉండబట్టే అది మళ్లీ మండపమైందని, లేకుంటే ఒక రాళ్లకుప్పగా మిగిలేదని మరిచిపోకూడదు. ఇది కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం మాట. ఏ రక్షణా లేని చెక్క వరండాను విప్పితే మరునాటికి దాని స్తంభాలు పాత కలప అడితీలో ఉంటాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. జైళ్లనూ, దొరల గడీలనూ, నిజాం కొలువుల కచేరీలనూ కాపాడటం అంటే పీడనను కాపాడటం కాదా అని. తెలంగాణలో ఈ ప్రశ్నను తేలికగా తీసుకునే హక్కు ఎవరికీ లేదు. నా జవాబు నిజామాబాద్ ఖిల్లాలో ఉంది. నిజాం పాలనను ఎదిరించిన రచయితలు దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి బందీలుగా ఉన్నది అక్కడి జైలులోనే, దాశరథి బొగ్గుతో పద్యాలు రాసింది అక్కడి గోడల మీదే. ఆ గోడ లేకపోతే ఆ కథకు నిలబడే చోటు ఉండదు. పీడించినవాడి గొప్పతనం కోసం ఒక గడీకి సున్నం వేయమని నేను అడగను. అందులో వెట్టి చేసినవారి మనవలు లోపలికి వెళ్లి చూడటానికి వీలుగా ఉంచమంటాను. పత్రంలో మేము రాసే చరిత్రలో కట్టించినవాడి పేరుతోపాటు మట్టి మోసినవారి గురించి తెలిసినంత మేర రాయాలన్న నియమం పెట్టుకున్నది కూడా అందుకే.

డబ్బు సంగతి గురించి రాయడానికి ఎక్కువ లేదు. ఏడుగురు కలిస్తే సొసైటీ నమోదవుతుంది, అక్కడినుంచి ప్రతి పనికీ చందా పుస్తకమే. 2013 కంపెనీల చట్టం చారిత్రక కట్టడాల పునరుద్ధరణను కూడా కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయదగిన పనుల్లో చేర్చింది గాని, దాతలకు తమ పేరుతో పలక వేయించుకోవడానికి వీలైన కట్టడమే ఇష్టం. జాబితా మీద పలక వేయలేం.

ప్రభుత్వం మీదనే ఆధారపడనక్కరలేదని చెప్పడానికి దోమకొండ మనకు దగ్గర్లోనే ఉంది. కామారెడ్డి జిల్లాలోని ఆ కోటను దాని వారసుల కుటుంబమే ట్రస్టు ద్వారా బాగుచేయించింది. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ సంరక్షణ పురస్కారాల్లో దానికి గుర్తింపు వచ్చింది. వరంగల్‌లోనే శివనగర్ మెట్లబావి చెత్త నుంచి బయటపడి ఇప్పుడు మనుషులు చూడదగినదిగా ఉంది. అయితే కోటకు వారసులున్నారు, బావికి కాకతీయుల పేరుంది. అన్నదమ్ముల మధ్య నాలుగు వాటాలై, కింద మొబైల్ షాపుకు అద్దెకిచ్చిన పాత భవంతికి ఈ రెండూ లేవు. అటువంటి ఇంటి యజమానికి ఆస్తిపన్నులో రాయితీ ఇవ్వకుండా, మరమ్మతుకు సాయం చేయకుండా “ఇది వారసత్వం, ముట్టుకోవద్దు” అనడం అన్యాయమని నేను అనుకుంటాను.

స్వచ్ఛందంగా జాబితాలు రాసే పని ఈ నేలకు కొత్తదేమీ కాదు. 1923లో చరిత్ర పరిశోధకుడు కొమర్రాజు లక్ష్మణరావు మరణించిన తరువాత ఆయన స్మృతిలో హైదరాబాదులో వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి సభ్యులు ఊరూరా తిరిగి శాసనాలకు ప్రతులు తీశారు. ఆ శ్రమ 1935లో ‘తెలంగాణ శాసనములు’గా అచ్చయింది. ఎడ్లబండ్ల మీదా కాలినడకనా తిరిగిన ఆ మనుషులు వివరాలు ఎక్కించుకున్న తరువాత మాయమైన శాసనాలకు ఇప్పుడు ఆ అచ్చుప్రతే దిక్కు. చేతిలో ఫోను, కెమెరా, ఉపగ్రహ పటాలు ఉన్న మాకు ఓపిక చాలడం లేదని చెప్పుకోవడానికి ముఖం చెల్లదు.

ప్రస్తుతం మేము అడుగుతున్నది చాలా చిన్నది. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టంతో చిన్న స్థలాల్లో ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదనే వెంటనే అనుమతి వచ్చే ఏర్పాటు మొదలైంది. సామాన్యుడికి లంచాల బెడద తగ్గించే మంచి మార్పే అది. కానీ ఆ స్థలంలో ఇప్పటికే ఏ కట్టడం ఉందో, దాని వయసెంతో చూసేవారు ఆ దారిలో ఎక్కడా ఎదురుకారు. కూల్చివేతకో కొత్త నిర్మాణానికో దరఖాస్తు వచ్చినప్పుడు ఆ ఇంటి నంబరు వారసత్వ జాబితాలో ఉందేమో కంప్యూటరే సరిచూసి, ఉంటే అనుమతిని ఒక నెలపాటు ఆపి, ఆ నెలలో కొలతలు, ఫొటోలు తీసుకోవడానికి వీలు కల్పించాలన్నది మా విన్నపం. కూల్చవద్దని కూడా అందులో అడగలేదు. 2017 చట్టంలో జిల్లా స్థాయి కమిటీల ప్రస్తావన ఉంది కనుక దీనికి కొత్త చట్టం అక్కరలేదని మా న్యాయవాది మిత్రుడి అభిప్రాయం. విన్నపానికి జోడించవలసిన మొదటి విడత జాబితాలో గిర్మాజిపేట పూర్తయింది, మట్టెవాడ సగంలో ఉంది, కాజీపేట ఇంకా మొదలుపెట్టలేదు. ఉర్దూ దస్తావేజులు చదవగలిగినవారు, టేపు రెండో కొస పట్టుకోగలిగినవారు ఎవరైనా ఆదివారం ఉదయం రావచ్చు.